పేరు వేరు, పతా వేరు, ఫోన్ మాత్రం మాది



పోయిన ఏడాది ఒక సోమవారం పొద్దున పదిన్నరకి మా అమ్మీ ఫోన్‌కి ఒక మెసేజ్ వచ్చింది. అమ్మీకి ఉర్దూ తప్ప వేరే లిపి చదవడం రాదు కాబట్టి నా కూతురు చదివి వినిపించింది. "మీ అబ్బాయి ఈ రోజు స్కూల్‌కి రాలేదు." అమ్మీకి డెబ్భై రెండేళ్లు. ఆమెకున్న ఒక్కగానొక్క అబ్బాయిని నేనే. నాకు నలభై ఆరు. బడి వదిలి ముప్పై ఏళ్లు దాటింది.

ఇంట్లో అందరం పడీపడీ నవ్వాం. అమ్మీ నవ్వలేదు. "ఉస్ బచ్చే కీ మా కో మాలూమ్ హై క్యా?" అని అడిగింది. ఆ పిల్లాడి తల్లికి ఈ సంగతి తెలుసా అని. పిల్లాడు బడికని ఇంటి నుంచి బయల్దేరి వేరే ఎక్కడికైనా వెళ్లి ఉంటే? తల్లికి వెళ్లాల్సిన ఖబర్ మన దగ్గరికి వచ్చి ఆగిపోయింది కదా?

మా నవ్వు అక్కడితో ఆగిపోయింది.

అబ్బా ఇంతెఖాల్ తర్వాత అమ్మీకి కొత్త సిమ్ తీసిచ్చాను. కొత్తది అని మనం అనుకుంటాం గానీ, అది ఇంతకుముందు ఎవరో వాడి వదిలేసిన నంబర్. మన దేశంలో ఒక నంబర్ రద్దయితే 90 రోజుల దాకా వేరొకరికి ఇవ్వరు. తర్వాత ఇస్తారు. అందులో తప్పేం లేదు, నంబర్లు అనంతం కాదు కదా. కానీ పాత మనిషి ఆ నంబర్‌ని బడిలో, ఆస్పత్రిలో, బ్యాంకులో, బట్టల షాపులో ఇచ్చి ఉంటారు. వాళ్లందరి రిజిస్టర్లలో అది అలాగే ఉండిపోతుంది. 90 రోజుల గడువు ఎన్నిసార్లు గడిచినా అక్కడ మాత్రం మా అమ్మీ వేరే ఎవరో ఒక ఆవిడే.

అలా మాకు ఆ ఆవిడ గురించి చాలా సంగతులు తెలిశాయి. ఆమె పేరు, పిల్లాడి క్లాసు, రక్తపరీక్ష ఎప్పుడు చేయించుకుందో, ఏ లోన్‌కి ఎన్ని కిస్తీలు బాకీ ఉందో. ఖర్జ్ అనేది మనిషి సొంత భార్యకో భర్తకో కూడా చెప్పుకోడానికి సిగ్గుపడే విషయం. అది ముక్కూమొహం తెలియని మా ఇంటి దస్తర్‌ఖాన్ మీద రోజూ పరిచినట్టయింది. వసూలు వాళ్ల ఫోన్లయితే ఇషా నమాజ్ వేళకి కూడా వచ్చేవి. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత బాకీదారులకి వసూలు ఫోన్లు చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే చెప్పింది. ఇక్కడ బాకీ లేని ముసలావిడకి రాత్రి ఎనిమిదిన్నరకి ఫోన్. "రాంగ్ నంబర్ బాబూ" అని అమ్మీ ఎంత నెమ్మదిగా చెప్పినా, "అందరూ ఇట్లనే చెప్తారమ్మా, ఆమెకి మీరేమవుతారు?" అని గద్దింపు. ఒకరోజు అమ్మీ ఫోన్ పెట్టేసి కళ్లు తుడుచుకుంది. అరవై ఏళ్లు ఎవరి దగ్గరా రూపాయి బాకీ లేకుండా సంసారం నడిపిన మనిషి.

నిజానికి ఈ గల్తీ సరిచేసుకోవడం పెద్ద కష్టమేం కాదు. రద్దయిన నంబర్ల జాబితా ఒకటి సర్కారు దగ్గర ఎప్పటికప్పుడు తయారవుతూనే ఉంటుంది. దాన్ని చూసి రికార్డులు సరిచేసుకోమని 2025 జనవరిలో రిజర్వు బ్యాంకు బ్యాంకులకి గట్టిగానే చెప్పింది. దారి ఉంది. ఆ దారిన నడిచే ఫికర్ అందరికీ లేదు, అంతే.

మా చిన్నప్పుడు కర్నూల్లో మా గల్లీలో ఒకే పేరుతో ముగ్గురు ఉండేవాళ్లు. ముగ్గురి కొడుకులూ గల్ఫ్‌లోనే. కువైట్ నుంచి లిఫాఫా వస్తే డాకియా మా అబ్బా చేతికిచ్చి వెళ్లేవాడు. ఉర్దూ చదవడం, రాయడం బాగా వచ్చిన మనిషి కాబట్టి గల్లీ ఖత్‌లన్నీ అబ్బాయే చదివి పెట్టేవారు. కానీ ఎవరిదో తేలకుండా లిఫాఫా మాత్రం చించేవారు కాదు. ముగ్గురిళ్లకీ వెళ్లి, కొడుకు ఏ ఊళ్లో ఉన్నాడో, పంపినవాడి పేరేమిటో అడిగి, సరైన ఇంటికి చేర్చి, వాళ్లు చదవమంటేనే చదివేవారు. ఒకసారి నేను ఉత్సాహంకొద్దీ అంచు చించబోతే చెయ్యి పట్టుకుని, "అమానత్ హై బేటా" అన్నారు. గలత్ పతాకి వచ్చినంత మాత్రాన ఖత్ మనదైపోదు అని అర్థం.

ఇప్పుడు మా ఇంటికొచ్చే వాటిలో ఆ అమానత్ అనే మాటకి చోటే లేదు. ముందు మన పేర్ల సంగతే చూడండి. మనలో చాలామందికి షేక్, సయ్యద్, పఠాన్, మొహమ్మద్ అనేవి ఇంటిపేర్లలా ముందు వస్తాయి. కంప్యూటర్‌కి మొదటి మాటే మనిషి పేరు. "డియర్ షేక్, ఈ ఆఫర్ మీ ఒక్కరికోసమే" అని వస్తుంది. మా ఇంట్లో ఐదుగురం షేక్‌లమే. ఎవరికోసమో ఆ ఇచ్చేవాడికే తెలియాలి. మా గల్లీలో నిలబడి "షేక్" అని కేకేస్తే సగం మంది తిరిగి చూస్తారు. నా భార్యకి "మిస్టర్ బేగం" అని ఉత్తరం వచ్చింది. గడ్డం గీసుకునే బ్లేడ్ల మీద డిస్కౌంట్ అట.

జనవరి 1 ఇంకో తమాషా. మన పెద్దవాళ్లలో చాలామందికి పుట్టిన తేదీ తెలియదు. ఆ ఏడు వరద వచ్చింది, ఆ రంజాన్ నెలలో పుట్టాడు, ఇలాంటి గుర్తులే. తేదీ తెలియక సంవత్సరం మాత్రం చెబితే ఆధార్‌లో జనవరి 1 పడిపోతుంది. అందుకే కొత్త సంవత్సరం రోజు పొద్దున్నే మొహల్లాలోని బుజుర్గులందరికీ సామూహికంగా జన్మదిన శుభాకాంక్షలు వచ్చేస్తాయి. అబ్బా ఫోన్ ఇప్పటికీ నా టేబుల్ సొరుగులో ఉంది. బ్యాంకు పనులు తెమలక ఆ నంబర్ తీసేయలేదు. ఈ జనవరి 1న కూడా అది మోగింది. "మీరు నూరేళ్లు ఆరోగ్యంగా ఉండాలి. ఫుల్ బాడీ చెకప్‌పై సగం ధర." ఆ మెసేజ్ అమ్మీకి చదివి వినిపించలేదు.

ముహర్రం పదో రోజున "హ్యాపీ ముహర్రం" అని షాపింగ్ ఆఫర్ వస్తుంది. అది కర్బలా గమ్ గుర్తుచేసుకునే రోజని చెప్పేవాళ్లు ఆ ఆఫీసులో ఒక్కరు కూడా లేరా? రోజాలో మిట్టమధ్యాహ్నం ఒంటిగంటకి "ఆకలేస్తోందా షేక్?" అని బిర్యానీ బొమ్మ. సూద్ అంటే ఆమడ దూరం జరిగే మా మామూకి వారానికి నాలుగు పర్సనల్ లోన్లు "ముందే మంజూరు". జీవితంలో పేక ముట్టని ఆయనకే ఆన్‌లైన్ రమ్మీ ఆహ్వానాలు.

అయితే ఇవన్నీ సరిగ్గా గురిపెడితే బాగుంటుందా అని ఎవరైనా అడిగితే నేను వెంటనే హా అనలేను. దానికి కారణం ఒక ఫోన్ కాల్. హైదరాబాద్ శివార్లలో ఫ్లాట్లు అమ్మే అమ్మాయి ఒకరోజు నాకు చేసింది. పది నిమిషాలు చాలా ప్రేమగా మాట్లాడింది. స్విమ్మింగ్ పూల్, పార్క్, పిల్లల బడి అన్నీ చెప్పింది. నాకూ ఆశ పుట్టింది. "సైట్ విజిట్‌కి బుక్ చేస్తాను, మీ పేరు సార్?" అంది. చెప్పాను. ఒక్క క్షణం నిశ్శబ్దం. "ఒకసారి మేనేజర్‌తో మాట్లాడి కాల్ చేస్తాను సార్." నా జిందగీలో మళ్లీ తిరిగి రాని మార్కెటింగ్ కాల్ అదొక్కటే.

అంటే మనం ఎవరో తెలియకపోతే "ఆకలేస్తోందా" అంటారు. తెలిస్తే ఖజూర్ ప్యాకెట్ అమ్మడానికి ముందుకొస్తారు, ఇల్లు అమ్మడానికి వెనక్కి వెళ్తారు. అందుకే వాళ్ల గురి ఇంకా బాగా కుదరాలని నేను దువా చేయను. నాకు కావలసింది వేరు. నా పేరు, నంబర్, నా ఇంటి సంగతి ఎవరి చేతికిచ్చానో వాళ్లు దాన్ని అమానత్‌గా చూడాలి. ఏ పనికోసం ఇచ్చానో ఆ పనికే వాడాలి. తప్పని చెబితే దిద్దాలి. చాలని చెబితే చెరిపేయాలి.

ఇది నా ఒక్కడి పాతకాలపు ఆలోచన కాదు. 2023లో మన పార్లమెంట్ చేసిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, మన వివరాలు తీసుకునే సంస్థకి ఒక పేరు పెట్టింది. డేటా ఫిడూషియరీ. ఫిడూషియరీని ఉర్దూలో చెప్పాలంటే అమానత్‌దార్. ఆ మాట చదివినప్పుడు నాకు లిఫాఫా పట్టుకుని గల్లీలో తిరుగుతున్న అబ్బా గుర్తొచ్చారు. వివరాలు తప్పుగా ఉంటే సరిచేయమనే హక్కు, తీసేయమనే హక్కు ఈ చట్టంలో ఉన్నాయి. మన తర్వాత ఆ హక్కులు వాడుకోవడానికి ఒకరిని నామినీగా పెట్టుకోవచ్చు. దేనికి ఇజాజత్ ఇస్తున్నామో ఇంగ్లీషులోనే కాదు, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో ఉన్న 22 భాషల్లో మనకి కావలసిన దాంట్లో చదువుకునే వీలుండాలి. అందులో తెలుగూ ఉంది, ఉర్దూ కూడా ఉంది. మన వివరాలకి సరైన కాపలా పెట్టని సంస్థకి 250 కోట్ల రూపాయల దాకా జుర్మానా పడొచ్చు. నిబంధనలు 2025 నవంబర్‌లో వచ్చాయి. పెద్ద బాధ్యతలు అమల్లోకి రావడానికి ఆ తర్వాత 18 నెలల గడువిచ్చారు. కాగితం మీద ఇంసాఫ్ బాగానే ఉంది. నడిపించేవాళ్ల నియ్యత్ చూడాలి.

ఈలోగా మన చేతిలో ఉన్న పనులు చేద్దాం. 1909కి ఫోన్ చేస్తే ప్రచార కాల్స్, మెసేజ్‌లు ఆపించుకోవచ్చు. ఆపమన్నాక కూడా వస్తే ఏడు రోజుల్లోపు అదే నంబర్‌కి ఫిర్యాదు చేయొచ్చు. మెసేజ్ పంపినవాళ్ల పేరు చివర 'పి' అనే ఇంగ్లీషు అక్షరం ఉంటే అది ప్రచారం, 'జి' ఉంటే సర్కారుది. ఇంట్లో పెద్దవాళ్లకి ఈ తేడా ఒక్కటి నేర్పినా సగం పరేషానీ తగ్గుతుంది. పాత నంబర్ వదిలేసేముందు బడికి, బ్యాంకుకి, ఆస్పత్రికి వెళ్లి మార్పించుకోండి. లేకపోతే మీ ఇంటి గుట్టు ఇంకెవరి దస్తర్‌ఖాన్ మీదికో వెళ్తుంది. షాపింగ్ మాల్‌లో లక్కీ డ్రా డబ్బాలో చీటీ వేసేటప్పుడు, కారు ఎలాగూ రాదని, కాల్స్ మాత్రం వస్తాయని గుర్తుంచుకోండి.

ఇంకొక మాట. ఇది చేదుగా ఉండొచ్చు. కంపెనీలని తిట్టడం తేలిక. నా ఫోన్లో మూడు వాట్సాప్ గ్రూపుల నుంచి ఒకే అమ్మాయి బయోడేటా వచ్చింది. ఫోటో, ఎత్తు, రంగు, చదువు, అబ్బా ఫోన్ నంబర్, ఇంటి పతా అన్నీ. నాకు పెళ్లయి పద్దెనిమిదేళ్లు. ఆ తండ్రి ఎవరో ఒక నమ్మకస్తుడికి, ఒక రిష్తా కోసం ఇచ్చి ఉంటాడు. అది ఎన్ని వందల గలత్ పతాలకి చేరిందో అల్లాహ్‌కే తెలియాలి. దాన్ని ముందుకి పంపినవాళ్లెవరూ మార్కెటింగ్ కంపెనీ కాదు, మన చాచాలు, ఖాలాలే. అమానత్‌ని అమ్ముకున్నా, ఊరికే పంచిపెట్టినా ఆ అమ్మాయికి జరిగే నష్టం ఒకటే. అందుకే ముందు మన వేళ్లకి తమీజ్ నేర్పుకుందాం. అడక్కుండా ఎవరి బయోడేటా ఫార్వర్డ్ చేయొద్దు. రిష్తా కుదిరాక గానీ, వద్దనుకున్నాక గానీ తీసేయండి.

అమ్మీ ఫోన్ సంగతి చెప్పి ముగిస్తాను. ఆ సోమవారం అమ్మీ పోరు పడలేక, మెసేజ్‌లో ఉన్న పేరు పట్టుకుని ఆ స్కూల్ నంబర్ వెతికి ఫోన్ చేశాను. మొదట ఎత్తిన ఆయన, "నంబర్ మార్చాలంటే పేరెంటే రావాలి" అన్నాడు. పేరెంట్‌కి ఆ విషయం చెప్పే దారే లేదు కదా సార్ అన్నాను. రెండోసారి ఒక మేడం ఎత్తారు. అంతా విన్నారు. పిల్లాడి పేరు, క్లాసు రాసుకున్నారు. "మీ అమ్మగారికి థాంక్స్ చెప్పండి" అన్నారు. వారం తర్వాత బడి మెసేజ్‌లు ఆగిపోయాయి. ఒక మనిషి విన్నందుకు ఆగాయి. లోన్ వాళ్లకి ఇరవైసార్లు చెప్పాం, ఇప్పటికీ ఫోన్లు వస్తూనే ఉన్నాయి.

అమ్మీ మాత్రం అప్పుడప్పుడు పొద్దున పదిన్నరకి ఫోన్ చేతిలోకి తీసుకుని చూస్తుంది. మెసేజ్ ఏమీ లేకపోతే, "ఆజ్ భీ ఇస్కూల్ కు గయా హోంగా" అంటుంది. వెళ్లే ఉంటాడమ్మీ అంటాను. ఇన్‌షా అల్లాహ్.