విన్నవారికి ఉచితం, వాయించినవారికి దక్షిణ

కుమారుడో కుమార్తెయో ఇంగ్లండులోనో, జర్మనీలోనో, అమెరికాలోనో స్థిరపడిన ఆస్తిక కుటుంబాలు నేడు మన ఊళ్లలో అనేకం. ఆరు నెలలు పిల్లల దగ్గర గడిపి వచ్చిన పెద్దలు అర్చకులమైన మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది. "అక్కడ చర్చిలో నెలకొకసారి ఉచితంగా సంగీత కచేరీ జరుగుతుందండీ. వెళ్లి కూర్చున్నాము. దోషమేమైనా ఉందా?"

దోషం లేదు. అది ప్రార్థనా సమయంలో జరిగేది కాదు. టికెట్టు ఉండదు. వచ్చినవారిని ఏ మతమని అడిగే ఆచారమూ లేదు. రెండు వయొలిన్లు, వాటికంటె కొంచెం పెద్దదైన వయోలా, మోకాళ్ల నడుమ నిలిపి వాయించే చెల్లో. తరచుగా మేళం ఇంతే. దీనిని వారు ఛాంబర్ సంగీతమంటారు. మహావాద్యబృందంతో నిమిత్తం లేకుండా, ఒక గదిలో నలుగురు ఎదురెదురుగా కూర్చుని ఒకరినొకరు వింటూ వాయించే సంగీతమది. మన పాతకాలపు గృహ కచేరీ వంటిదనుకోండి. రాతి గోడలు, ఎత్తయిన కప్పు నాదాన్ని తామే మోస్తాయి కనుక మైకుతో పని లేదు.

ఆ వయొలిన్ మనకు పరాయిదనే శంక కూడా అక్కరలేదు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786-1858) మదరాసులో ఒక ఐరోపా వాద్యకారుని వద్ద దానిని అభ్యసించి కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. ముత్తుస్వామి దీక్షితులవారే పాశ్చాత్య బాణీలకు సంస్కృత సాహిత్యం కూర్చి నొట్టుస్వరాలు రచించారు. వాటిలో స్తుతింపబడినవారు మన దేవతలే. విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారి (1893-1964) కమాను పలికిన తరువాత ఆ వాద్యం తెలుగువారిది కాదనగలవారెవరు? వీణావాదన తత్త్వం తెలిసినవాడు అప్రయాసంగా మోక్షమార్గాన్ని చేరుతాడని యాజ్ఞవల్క్య స్మృతి చెబుతున్నది. నాదాన్ని గౌరవించిన చోట కూర్చుని విన్నందుకు ప్రాయశ్చిత్తం ఏ ధర్మశాస్త్రంలోనూ వెతకనక్కరలేదు.

అయితే పాఠక మహాశయులారా, అడగవలసిన ప్రశ్న మరొకటి ఉన్నది. విన్నవారు రూపాయి ఇవ్వలేదు సరే. వాయించినవారికి ఎవరు ఇచ్చారు?

ఉత్తర జర్మనీలో లూబెక్ అనే పాత వర్తక నగరం ఉన్నది. అక్కడి మేరీమాత చర్చిలో 1641లో ఆర్గన్ వాద్యకారునిగా చేరిన టుండర్ అనే ఆయన, వ్యాపారకేంద్రం తలుపులు తెరిచేవరకు వేచి ఉండే వర్తకుల కోసం వాయించేవాడట. 1668లో ఆయన స్థానంలోకి వచ్చిన బుక్స్‌టెహూడె దానిని ఏడాదికి ఐదు ఆదివారాలు జరిగే గొప్ప సాయంకాల కచేరీలుగా పెంచాడు. (పూర్వ విద్వాంసుని కుమార్తెను వివాహమాడి ఆ కొలువులో కుదురుకున్నాడు. అల్లునికి అర్చకత్వం సంక్రమించిన కథలు మనకు కొత్తవి కావు గదా!) ప్రవేశం అందరికీ ఉచితం. ఖర్చు భరించినది ఆ ఊరి వర్తకులు. ఆయన వారిని ఏటేటా అర్థించి, వారిచ్చిన విరాళంతోనే గాయకులను, వాద్యకారులను సమకూర్చుకునేవాడు. 1705లో బాఖ్ అనే ఇరవయ్యేళ్ల యువకుడు ఆర్న్‌స్టాట్ నుంచి సుమారు 400 కిలోమీటర్లు కాలినడకన వచ్చి ఆయన సంగీతం విన్నాడు. పెట్టుకున్న సెలవు నాలుగు వారాలు, తిరిగి వెళ్లినది దాదాపు నాలుగు నెలలకు. పైవారు మందలించారు. ఆ బాఖ్ తరువాత ఎంతటివాడయ్యాడో సంగీత ప్రపంచానికి తెలుసు. గురువును వెతుక్కుంటూ నడిచిన శిష్యుల కథలు విన్న మనకు ఇది వింతగా తోచదు. ఆ కచేరీల పరంపర 1810 వరకు సాగింది.

లండను నగరంలో ట్రఫాల్గర్ కూడలి పక్కనున్న సెయింట్ మార్టిన్ చర్చిలో దశాబ్దాలుగా మధ్యాహ్న కచేరీలు జరుగుతున్నాయి. లోపలికి రావడానికి రుసుము లేదు, తోచినంత విరాళం వేయవచ్చు. మీ పిల్లలుండే చిన్న ఊళ్లలోని నెలవారీ కచేరీలకూ పద్ధతి ఇంచుమించు ఇదే. స్థలం చర్చిది, తేదీ స్థిరం, చివర ద్వారం దగ్గర ఒక పళ్లెం. ఇందులోనూ లోపం లేకపోలేదు. పళ్లెంలో పడినదే వాద్యకారుని ప్రాప్తమైన చోట, "మీకు వేదిక ఇచ్చాము గదా" అనే మాటే పారితోషికమైన చోట, ఆ ఉచితం కళాకారుని జేబు నుంచి తీసినదే. దానిని దానమనరాదు. లూబెక్ వర్తకులు చేసినది దానం.

ఇక మన ఇంటి సంగతి చూసుకుందాం. మీరు ఇంట్లో వ్రతం చేసేటప్పుడు ఛత్రం, చామరం, నృత్యం, గీతం, వాద్యం అంటూ రాజోపచారాలన్నీ మంత్రంలో పలికి, వాటికి బదులుగా అక్షతలు సమర్పిస్తారు. శక్తి లేని గృహస్థుకు శాస్త్రం చూపిన దయ అది. హుండీ, స్థిర నిధులు, కల్యాణ మండపం అద్దెలు ఉన్న దేవాలయం కూడా గీతవాద్యాలకు అక్షతలే వేస్తే ఏమనాలి? మరీ విచారకరమైనది, అక్షతల స్థానంలో యంత్రం వచ్చింది. స్విచ్చి వేయగానే మోటారు తిరిగి డప్పును, గంటలను తనంత తాను బాదే యంత్రాన్ని మీరు ఎన్నో ఆలయాల్లో చూసి ఉంటారు. దానికి తాళం ఉన్నది, లయ లేదు. స్వామివారి హారతి కంటె ముందు ముగిసినా దానికి తెలియదు, తరువాత ముగిసినా తెలియదు.

పూర్వం ఇలా లేదు. 1010 నాటికి పూర్తయిన తంజావూరు బృహదీశ్వరాలయ గోడల మీద రాజరాజచోళుడు 400 మంది నాట్యగత్తెలకు ఇళ్లు, ఏటా ఒక్కొక్కరికి నూరు కలముల ధాన్యం ఏర్పాటు చేసిన శాసనం ఉన్నది. గాయకుల, మద్దెల వాయించేవారి వంతులు కూడా అందులో చెక్కించాడు. మన గ్రామాల్లో భజంత్రీలకు మాన్యాలుండేవి. లేపాక్షి నాట్యమండపంలో తుంబురుడు వీణతోను, బ్రహ్మ మృదంగంతోను నిలిచి ఉన్నారు. రాతిలోనైనా వాద్యకారుడు లేని మండపాన్ని మన శిల్పి ఊహించలేదు. దక్షిణ లేని క్రతువు నిష్ఫలమనే మాటను వేదపండితులం మేము సంభావన వేళ జ్ఞాపకం చేస్తుంటాము. నాదస్వర విద్వాంసునికి అది వర్తించదా? శాలువా, ప్రసాదం పొట్లం ఇచ్చి పంపేటప్పుడు ఆ మాట ఎందుకు గుర్తు రాదు?

తిరుమలలో శ్రీవారి ఆలయం ఎదుట నాదనీరాజనం వేదికపై కచేరీలు ఉచితంగా జరుగుతున్నాయి. అది పెద్ద సన్నిధి, పెద్ద నిధి. నా విన్నపం మీ వీధిలోని రామాలయం గురించి. నెలకొక సాయంత్రం చాలు. కొత్త తేదీ కూడా అక్కరలేదు. రామాలయానికి పునర్వసు, నృసింహాలయానికి స్వాతి, వేంకటేశ్వరునికి శ్రవణం, శివాలయానికి మాసశివరాత్రి ఎలాగూ ఉన్నాయి. సాయంకాల నివేదన ముగిశాక, ఏకాంతసేవకు ముందు ముక్కాలు గంట. గాత్రం, వయొలిన్, మృదంగం అంటే ముగ్గురు. ఒక నెల నాదస్వరం, డోలు. ముఖమండపం చిన్నదైతే మైకు పెట్టకండి, రాయి పలుకుతుంది.

జనం రారని ధర్మకర్తలు అంటారు. మొదటి నెల పదిమందే వస్తారు, రానివ్వండి. లూబెక్‌లో జనం వచ్చిన తరువాత కుర్రకారు అల్లరి భరించలేక విసుక్కున్నారట. ఆ కష్టం మనకు వచ్చిన నాడు ఆలోచిద్దాం.

అన్నదానానికి, శాశ్వత పూజలకు ఉభయదాతల పట్టిక రాసినట్లే దీనికీ పన్నెండు గళ్ల పట్టిక ఒకటి రాయించండి. పన్నెండు కుటుంబాలు తలా ఒక నెల తీసుకుంటే సరిపోతుంది. పుట్టినరోజు హోటలు విందుకు అయ్యే ఖర్చులో కొంత భాగమే అది. దక్షిణ ఎంతో ముందే విద్వాంసునితో మాట్లాడి, రానుపోను ఖర్చు వేరుగా లెక్కగట్టి, కచేరీ ముగిసిన వెంటనే తాంబూలంలో పెట్టి ఇవ్వండి. తరువాత పంపుతామనవద్దు. ముందు వరుసలో ప్రముఖులకు కుర్చీలు అట్టిపెట్టవద్దు, అక్కడ సంగీతం నేర్చుకుంటున్న పిల్లలను కూర్చోబెట్టండి. మంగళం పాడి హారతి ఇచ్చేవేళ ఆ మోటారు డప్పు స్విచ్చి మాత్రం వేయకండి. డోలు విద్వాంసుడు అక్కడే ఉన్నాడు గదా.