పసుపు మరక, బ్యాటరీ నీళ్లు

తెల్లచొక్కా మీద పప్పు మరక పడితే సబ్బు రుద్దగానే ఎర్రగా తిరుగుతుంది. సబ్బులోని క్షారం తగిలి పసుపు రంగు మార్చుకుంటుంది. నిమ్మచెక్కతో రుద్దితే మళ్లీ పసుప్పచ్చన. శ్రీరాంపూర్ బొగ్గుగని కార్మికుల క్వార్టర్లలో పిల్లలు లిట్మస్ కాగితం ముఖం చూడకముందే, అమ్మ బట్టలుతికే బండ దగ్గర ఈ పాఠం చదివేశారు.

ఆమ్లం సంగతి తెలిసింది నాన్న గని బట్టల వల్ల. టోపీ లైటుకు కరెంటు నడుముకు కట్టుకున్న బ్యాటరీ నుంచి వచ్చేది. ఏళ్ల తరబడి అందులో ఉన్నవి సీసపు పలకలు, గంధకామ్లమే. ల్యాంప్ రూంలో తీసుకుని, బెల్టుకు బిగించుకుని గని దిగేవారు. మూత వదులైతే, వంగి పనిచేసేటప్పుడు ఓ చుక్క జారేది. అప్పటికి ఏమీ కనిపించదు. ఉతికి ఆరేశాక చూస్తే చొక్కా అంచు జల్లెడ! అతుకులు వేసి మళ్లీ అదే తొడుక్కునేవారు. ఒంటి మీద పడితే మంట, ఆ తర్వాత మచ్చ. ఇప్పుడు తేలికపాటి లిథియం దీపాలొచ్చాయి. ఆ నడుములకు ఎంత సుఖమో!

అలాగని ఆమ్లాన్ని తిట్టుకోలేం. చింతపండు లేనిదే ఇత్తడి బిందెకు మెరుపు లేదు. సున్నం క్షారమే అయినా ఆకువక్కతో కలిసి నోరు పండిస్తుంది, ఆ కాస్తా ఎక్కువైతే నోరు పొక్కుతుంది. ఉన్నదంతా పాళ్లలోనే. ఆ పాళ్లు చెప్పే పీహెచ్ కొలతను 1909లో డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్సన్ తెచ్చాడు. 7 తటస్థం, అంతకు తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. ఒక్క అంకె తేడా అంటే పది రెట్లు.

మన నెత్తురు 7.4 దగ్గర ఉంటుంది. కాస్త అటూ ఇటూ అయినా ప్రాణం మీదికొస్తుంది. తట్టా, చెమ్మస్ అనే పారా పట్టి బొగ్గు టబ్బులు నింపిన కోల్ ఫిల్లర్ల ఒంట్లో ఆ కష్టానికి ఆమ్లం పెరిగేది. వాళ్లు రొప్పిన ప్రతి ఊపిరీ బొగ్గుపులుసు వాయువును బయటికి తోసి, నెత్తురును దారికి తెచ్చేది. ఆయాసమంటే అలసట ఒక్కటే కాదు, ఒళ్లు తనను తాను కాపాడుకోవడం కూడా.

నేల కూడా మనల్ని కొంత కరుణించింది. బొగ్గులో గంధకం ఎక్కువుంటే గాలీ నీరూ తగిలి ఆమ్లమవుతుంది. మేఘాలయలో గనుల నీళ్లు చేరి కొన్ని వాగుల్లో చేపలు బతకలేకపోయాయి. గోదావరి లోయ బొగ్గులో గంధకం తక్కువ.

పదో తరగతిలో ఆమ్లాలు, క్షారాల పాఠం చదివే పిల్లలు మీ ఇంట్లో ఉంటే, గనిలో పనిచేసి రిటైరైన తాత దగ్గర ఓ సాయంత్రం కూర్చోబెట్టండి. ఆ బ్యాటరీ సంగతి ఆయన్నే అడగమనండి.