ప్రథమ పురుషలో రోగి

వ్యాకరణంలో పురుషలు మూడని పిల్లలకు ముప్పై ఏళ్ళకు పైగా పాఠం చెప్పాను. నేను, మేము ఉత్తమ పురుష. నీవు, మీరు మధ్యమ పురుష. వాడు, ఆమె, అది ప్రథమ పురుష. మాట్లాడేది ఉత్తమ పురుష, ఎదురుగా ఉండి వినేది మధ్యమ పురుష, మాటలో పాలు లేక మాటకు విషయం మాత్రమే అయినది ప్రథమ పురుష. మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో మనోరోగ చికిత్స చేసే ప్రైవేటు క్లినిక్కుల్లోకి వెళ్ళి కూర్చోండి. ఈ పాఠం అక్కడ తలక్రిందులై కనిపిస్తుంది. బల్లకు ఆవల ఎదురుగా కూర్చున్న మనిషే అక్కడ ప్రథమ పురుష.

"నిద్రపోతున్నాడా?" "పోతన్నాడు బాబూ." "తింటున్నాడా?" "తింతన్నాడు." "ఎదురు తిరుగుతున్నాడా?" "ఇప్పుడు కాస్త తగ్గినాది." "సరే, అవే మందులు నెలకు వ్రాస్తున్నాను."

ఈ సంభాషణ వైద్యునికీ రోగి బావమరిదికీ నడుమ జరిగింది. ఎవరిని గూర్చి జరిగిందో ఆ మనిషి పక్కనే కూర్చుని తన చెప్పుల వంక చూసుకుంటున్నాడు. చెవిటివాడూ మూగవాడూ కాడు. అడిగితే చెప్పగలిగినవాడే. అడిగినవారు లేరు.

కీళ్ళ వైద్యుడు ఇలా చేస్తే నేనింత బాధపడను. మోకాలిని ఎక్స్‌రే చూపిస్తుంది. చక్కెర జబ్బును రక్తపరీక్ష చెబుతుంది. కుంగుబాటునూ ఉన్మాదాన్నీ ఇది ఫలానా అని నిర్ధారించే రక్తపరీక్ష నేటికీ లేదు. థైరాయిడ్ వంటి ఇతర కారణాలను తోసిపుచ్చడానికి పరీక్షలున్నాయి, అంతే. మిగిలినదంతా రోగి మాట, ఆ మాట వెనుక తడబాటు, మౌనం, చూపు. అంటే ఈ శాస్త్రానికి స్టెతస్కోపు భాషే. ఆ సాధనాన్ని మెడలోంచి తీసి సొరుగులో పడేసి వైద్యం చేస్తున్నామంటే, తెలుగు పండితుణ్ణి కనుక నాకు కొంచెం ఎక్కువ కోపం రావడం సహజమే అనుకోండి.

ఇది చదివి, మానసిక రోగాలకిచ్చే మందులన్నీ విషమని ప్రచారం చేసేవారు నన్ను తమ జట్టులో కలుపుకోవద్దు. చెడుపు అనీ చిల్లంగి అనీ చెప్పి వేపమండలతో బాదించేవారూ కలుపుకోవద్దు. 2001 ఆగస్టు 6న తమిళనాడు రామనాథపురం జిల్లా ఏర్వాడిలో, దర్గా చుట్టూ వెలిసిన ఆశ్రమాలలో ఒకదానికి నిప్పంటుకుంటే గొలుసులతో కట్టివేయబడిన మనుషులు లేచి పారిపోలేక కాలిపోయారు. 28 మంది. వైద్యం బదులు గొలుసు ఏం చేస్తుందో దానిని మించిన సాక్ష్యం అక్కరలేదు. సరైన మందు సరైన మోతాదులో అంది మళ్ళీ పొలానికీ బడికీ వెళ్ళినవారిని నేనెరుగుదును. తీవ్రమైన కుంగుబాటులో మత్తిచ్చి చేసే విద్యుత్ చికిత్స ప్రాణం నిలిపిన సంగతీ తెలుసు. నా తగాదా మందుతో కాదు, మందు ఇచ్చే తీరుతో.

ఆ తీరు ఏమిటంటే, చిన్న పట్టణాలకు పెద్ద డాక్టరుగారు నగరం నుంచి పక్షానికో, నెలకోసారో వస్తారు. బస ఒక మందుల దుకాణం వెనుక గది. టోకెన్లు తెల్లవారకముందే అయిపోతాయి. నేను కూర్చున్న ఒక చోట అయిదు గంటలలో తొంభై టోకెన్లు పిలిచారు. లెక్కల మాష్టారు చెప్పనక్కరలేదు, మనిషికి మూడున్నర నిమిషాలు కూడా రాలేదు. అందులో తలుపు తీసి లోపలికి వచ్చేదీ, కుర్చీ లాక్కునేదీ, చీటీ వ్రాసేదీ పోతే మాటకు మిగిలేది ఎంత? లోపల ఒక రోగి ఉండగానే తరువాతి ముగ్గురు గోడవార నిలబడి ఉంటారు. ఎవరికి ఏమి వినబడుతోందో, ఎవరు గుర్తుపడుతున్నారో పరదా అడ్డం లేదు. సర్కారు ఆసుపత్రికి వెళితే నలుగురూ చూస్తారని ఇల్లు కుదువబెట్టి ఇక్కడికి వస్తారు జనం. గోప్యం కోసం డబ్బు చెల్లించి నలుగురి ముందు గోడు చెప్పుకుంటారు.

చీటీ బయటి దుకాణంలో తప్ప మరెక్కడా చెల్లదు. వ్రాసిన పేరు ఊళ్ళో మరొక షాపువాడు వినలేదంటాడు. కొన్నిచోట్ల చీటీ కూడా మన చేతికి రాదు, లోపలినుంచి లోపలికే పోతుంది. మాత్రలు కత్తెరతో కత్తిరించి, పేరున్న వైపు పోగా మిగిలిన ముక్కలను కాగితపు కవరులో వేసి, పైన ఉదయం ఒకటి, రాత్రి రెండు అని గీతలు పెట్టి ఇస్తారు. జబ్బు పేరడిగితే అందరికీ ఒకటే బిరుదు: "నరాల బలహీనత". కుంగుబాటుకూ అదే, ఉన్మాదానికీ అదే, తాగుడుకూ అదే. మూడు వేర్వేరు పదార్థాలకు ఒకే పేరు పెట్టినవాణ్ణి మా తరగతిలో బల్ల ఎక్కించి నిలబెట్టేవాళ్ళం.

ఉద్దానం నుంచి నా పాత విద్యార్థి ఒకడున్నాడు. జీడితోటల్లో కూలి. ఒకసారి అతనికి తోడుగా నేనూ వెళ్ళాను. బస్సులో వాడన్న మాట ఇది: "మేష్టారూ, నాకేటైనాదో ఆయన నాకు సెప్పనేదు. మా బావకి సెప్పినాడు. మా బావ నాకు సెప్పడు." ఎనిమిది నెలలుగా మింగుతున్న మాత్రల ముక్కలలో ఒకదాని మీద అదృష్టవశాత్తూ సగం అక్షరాలు మిగిలి ఉన్నాయి. లిథియం కార్బొనేట్. ఉల్లాస విషాదాల మధ్య ఊగే జబ్బుకు అది మంచి మందే, కాదనను. కానీ లిథియం శరీరం నుంచి బయటకు పోయేది మూత్రపిండాల ద్వారానే. రక్తంలో లీటరుకు సుమారు 0.6 నుంచి 1.0 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య ఉంటే మందు, దాటి కాస్త పైకి పోతే విషం. అందుకే మొదలుపెట్టే ముందు క్రియాటినిన్, థైరాయిడ్ పరీక్షలు చెయ్యాలి. తరువాత లిథియం మట్టం చూస్తూ కొన్ని నెలలకొకసారి అవన్నీ మళ్ళీ చెయ్యాలి. ఒళ్ళు ఎండి నీరు తగ్గినా మట్టం పెరుగుతుంది. ఒళ్ళునొప్పులకు ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ వంటి బిళ్ళలు వేసుకున్నా పెరుగుతుంది. వేసవి ఎండలో చెమటోడ్చి పనిచేసి, సాయంత్రం కిళ్ళీకొట్టులో నొప్పిబిళ్ళ కొనుక్కుని మింగే మనిషికి ఈ రెండూ నిత్యకృత్యాలు.

పైగా అది ఉద్దానం. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలలో కిడ్నీ జబ్బు ఎందుకు ఇన్ని ఇళ్ళను పట్టుకుందో పరిశోధకులు ఇదమిత్థమని తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరవవలసి వచ్చిందంటే ఆ జబ్బు ఎంతటిదో ఊహించుకోవచ్చు. మా వాడి పెదనాన్న డయాలిసిస్ మీద ఉన్నాడు. ఆ ఎనిమిది నెలలలో వాడికి ఒక్క రక్తపరీక్ష జరగలేదు. చేతులు వణుకుతున్నాయని బావ చెబితే, వణుకు తగ్గడానికి మరొక మాత్ర కలిసింది. మీదే ఊరని అడిగినా చాలు, ప్రశ్న దానంతటదే పుట్టేది. అడగడానికి మధ్యమ పురుష కావాలి కదా!

ఇక తాగుడు మాన్పించే మందు. భార్య వచ్చి ఏడుస్తుంది. "ఆయన రాడు బాబూ, మీరే ఏదో ఒకటి ఇవ్వండి." ఆమె దుఃఖం నిజం. వాత తేలిన ఆమె చేయి నిజం. కానీ దానికి సమాధానంగా డైసల్ఫిరామ్ మాత్రలిచ్చి కూరలో కలిపి పెట్టమనడం వైద్యం కాదు. ఆ మందు కడుపులో ఉండగా సారా పడితే ముఖం కమిలి, వాంతులై, గుండె దడదడలాడి, రక్తపోటు పడిపోతుంది. ప్రాణం కూడా పోవచ్చు. రోగికి తెలియకుండా దీనిని ఎన్నడూ ఇవ్వరాదని ఆ మందుతో వచ్చే కాగితమే హెచ్చరిస్తుంది. తాగరాదని తెలిసినవాడు తాగకుండా ఉండడమే దాని కిటుకు. తెలియనివాడికి అది మందు కాదు, ఉచ్చు. ఆ ఉచ్చు పన్నే పని భార్య చేతికి అప్పగించి, రేపు ఏమైనా జరిగితే పాపం కూడా ఆమెకే మిగులుస్తున్నాం.

వాల్ప్రొయేట్ సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అది చెప్పడం మొదలుపెడితే నాకు ఆగడం రాదు. గర్భిణి వాడితే పుట్టే పిల్లల్లో సుమారు పదిమందిలో ఒకరికి అవయవ లోపాలు, మరెందరికో బుద్ధి వికాసంలో వెనుకబాటు వస్తాయని నిర్ధారణ అయింది. దానిని పెళ్ళి కుదిరిన పద్దెనిమిదేళ్ళ పిల్లకు "నరాల బలం" అని వ్రాసి పంపుతారు. ఆ పిల్లకూ చెప్పరు, అత్తవారికి తెలుస్తుందని తల్లీ నోరు విప్పదు.

అసలు కారణం దురాశ ఒక్కటే అని నేననను. ఫీజు ఎవరు చెల్లిస్తే వారే ఖాతాదారు, అంతే. చెల్లించేది బావ, అన్న, మామ. వారికి కావలసింది ఇంట్లో గొడవ తగ్గడం. గొడవ తగ్గితే వైద్యం ఫలించినట్టు. మనిషి లోపల ఏమి తగ్గిందో, ఏమి మిగిలిందో ఆ లెక్కలో లేదు. రోజంతా మగతగా పడుకుని లాలాజలం కారుస్తున్నా "బాగున్నాడు, నెమ్మదిగా ఉన్నాడు" అని చెప్పించుకుని చీటీ పొడిగిస్తారు. పెళ్ళి చేస్తే కుదురుతుందని తీర్మానించే మన కుటుంబాలకు ఇందులో పాలు లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

వైద్యులు చెప్పే సమాధానాలు విన్నాను. దేశంలో లక్షమందికి ఒక మనోరోగ వైద్యుడు కూడా లేడు, తొంభైమందిని చూడకపోతే అరవైమంది వెనక్కి పోతారు అంటారు. నిజమే. నిమ్హాన్స్ వారు 2015-16లో పన్నెండు రాష్ట్రాలలో చేసిన జాతీయ సర్వేలో (మన రాష్ట్రం అందులో లేదు) జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి చికిత్సే అందడం లేదని తేలింది. తొందరకు అది సమాధానం. మాత్రల పేరు కత్తిరించడానికి ఎలా సమాధానమవుతుంది? కత్తెర పట్టడానికీ కాలం పడుతుంది కదా. "మీకు ఎలా ఉంది?" అనడానికీ "ఇతనికి ఎలా ఉంది?" అనడానికీ పట్టే సమయం ఒక్కటే.

రోగికి అర్థం కాదు అనేది రెండవ సమాధానం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2018లో అమలులోకి వచ్చినది, దీనిని ముందే ఊహించింది. రోగికి తన చికిత్స గూర్చి నిర్ణయించుకునే సామర్థ్యం ఉన్నదనే 4వ సెక్షను భావిస్తుంది. తీవ్రస్థితిలో లేదనుకుంటే పరీక్షించి తేల్చాలే గానీ ముందే అనుకోకూడదు. 22వ సెక్షను ప్రకారం జబ్బు స్వభావం, ఇవ్వబోయే చికిత్స, తెలిసిన దుష్ఫలితాలు రోగికి చెప్పాలి, అదీ అతనికి అర్థమయ్యే భాషలో. 23 గోప్యానికి, 25 వైద్య పత్రాలు పొందడానికి హక్కునిస్తాయి. మత్తూ కండరాలు సడలించే మందూ ఇవ్వకుండా విద్యుత్ చికిత్స చేయడాన్ని 95 నిషేధిస్తుంది. ఇవిగాక, వైద్యుల నియమావళి 2002లోనే వచ్చింది. అడిగిన 72 గంటలలో రికార్డులివ్వాలనీ, కమిషన్లు పుచ్చుకోరాదనీ అందులో ఉంది. ఏ క్లినిక్కు గోడ మీదైనా వీటిలో ఒక్క వాక్యం తెలుగులో చూశారా? నాకు గణపతి పటమూ, చెప్పులు బయట విడవమనే హెచ్చరికా కనబడ్డాయి.

అర్థమయ్యే భాష అన్నారు కనుక ఒక పక్క మాట. సీతంపేట కొండలనుంచి వచ్చే సవరలకు అర్థమయ్యే భాష సవర. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉండి ఆ భాష నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు వ్రాశారు. ఆయన బడిపంతులు, వైద్యుడు కారు. ఆ శ్రమ పడమని ఏ డాక్టరునూ అడగడం లేదు. ఒక దుబాసీని పక్కన పెట్టుకోమంటున్నాను. గాబరా, బెంగ, గుబులు, దిగులు అనే నాలుగు తెలుగు మాటలనే "డిప్రెషన్" అనే ఒక్క ముద్రకింద తొక్కేసే చోట సవర మాటకు దిక్కెవరు?

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో మొదలైంది. శ్రీకాకుళం ప్రభుత్వ వైద్య కళాశాల, 2023లో ప్రారంభమైన విజయనగరం ప్రభుత్వ వైద్య కళాశాల, విశాఖ చినవాల్తేరులోని మానసిక వైద్యశాల ఉన్నాయి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలిమానస్‌కు 14416 నంబరు మీద డబ్బు లేకుండా మాట్లాడవచ్చు, తెలుగులోనే. ప్రైవేటుకు వెళ్ళేవారు వెళ్ళండి. వెళ్ళినప్పుడు జబ్బు పేరు కాగితం మీద వ్రాసి ఇమ్మని అడగండి. మాత్రలు పేరున్న ముక్కతో ఇమ్మనండి. లిథియం అయితే రక్తపరీక్ష ఎప్పుడని అడగండి. అన్నిటికంటే ముందు, తోడు వెళ్ళినవారు అయిదు నిమిషాలు బయట కూర్చోండి.

మా వాడికి ఇప్పుడు వేరే చోట పరీక్షలు జరిగాయి. క్రియాటినిన్ కాస్త ఎక్కువగానే ఉంది. మందు మార్చారు. మార్చిన డాక్టరమ్మగారు వాణ్ణి "మీరు" అన్నారట. ఆ సంగతి వాడు నాకు రెండుసార్లు చెప్పాడు.

ఈ టపా మీద వైద్యమిత్రులు ఎవరైనా విభేదిస్తే నిస్సంకోచంగా వ్రాయండి, తప్పక సమాధానమిస్తాను. రోగుల పేర్లు, ఊళ్ళు మాత్రం వ్యాఖ్యలలో వ్రాయకండి.