పదిహేను దినాల గౌరవం మాకొద్దు

మొన్న మా బడి పిల్లల్ని బస్సెక్కించి జిల్లా కేంద్రంలోని ఒక చిన్న మ్యూజియానికి తీస్కపోయిన. జానపద కళల ప్రదర్శన పెట్టిండ్రు, పదిహేను దినాలే ఉంటదన్నరు. లోపట గోడకు ఒక డప్పు వేలాడదీసిండ్రు. పక్కన చిర్ర, సిటికెన పుల్ల. కింద చీటీ మీద "డప్పు. చర్మవాద్యం. చెక్క, మేక తోలు" అని రాసిండ్రు. అంతే. దగ్గరికి పోయి చెయ్యి చాపిన మా ఏడో తరగతి పిల్లను కాపలా ఆయన కసిరిండు: "ఏయ్, ముట్టుకోవద్దు!"

ఆ పిల్ల నా దిక్కు తిరిగి అడిగింది: "సార్, మా తాత డప్పు గూడ గిట్లనే ఉంటది. ఇది ఎవరు చేసిండ్రో రాయలేదేంది?"

అప్పుడు జవాబు చెప్పలేకపోయిన. ఇప్పుడు చెప్తున్న.

వస్తువు పాడుగావద్దని ముట్టుకోవద్దంటే ఒప్పుకుంట. కానీ ఆ మాట మన చెవిన పడంగనే ఎన్ని తరాల మాట గుర్తుకొస్తదో ఆ ప్రదర్శన పెట్టినోళ్లకు తెలుసునా? మనిషిని ముట్టుకోనోళ్లు మనిషి చేసిన వస్తువును మాత్రం గోడకెక్కించిండ్రు. మనిషి పేరును మళ్లీ బయటనే నిలబెట్టిండ్రు.

అదే మ్యూజియంల శాశ్వత గదులున్నయి. అందుల కత్తులు, రాతి విగ్రహాలు, నాణేలు. ఏ రాజు, ఏ వంశం, ఏ శతాబ్దం, అన్నీ వివరంగ రాసి ఉన్నయి. కత్తి పట్టినోడికి పేరున్నది. ఆ కత్తికి తోలు ఒర కుట్టినోడికి లేదు. వాళ్లది శాశ్వతం, మనది తాత్కాలికం! పదహారో దినం మన డప్పు మూటగట్టి చీకటి గదిల పెడతరు. ఊరి బయట వాడ ఉన్నట్టే, మ్యూజియం లోపట గూడ మనకొక వాడ కట్టిండ్రు.

డప్పంటే చెక్క, తోలేనా? మేక తోలును సున్నంల నానబెట్టి, వెంట్రుక గీకి, చట్రానికి బిగించి ఎండబెట్టాలె. వాయించే ముందు మంటకు కాక చూపితేనే అది పలుకుతది. ఎంత కాక చూపాలెనో చేతికి తెలుస్తది, పుస్తకానికి తెల్వదు. లందల దిగి తంగెడు చెక్కతోని తోలు పదును చేసినోళ్లు కాలేజీకి పోలేదు. కానీ తంగెడు చెక్కల ఉన్న వగరు గుణం తోలును కుళ్లకుండ కాపాడుతదని వాళ్లకు తెలుసు. దీన్నే సైన్సు పాఠంల టానిన్ అని నేను పిల్లలకు చెప్తున్న. ఆ చీటీ మీద ఈ విద్య ఏది?

ఇంకొకటి గూడ దాచిండ్రు. ఈ డప్పు వెట్టి డప్పు. దొర ఇంట్ల సావైతే కొట్టాలె, ఊర్ల చాటింపుకు కొట్టాలె. కొట్టమన్నందుకు సాంఘిక బహిష్కరణలు జరిగినయి. నా సంగతే చెప్త. మా అయ్య డప్పు కొట్టేటోడు. నేను హాస్టల్ల చేరినప్పుడు తండ్రి వృత్తి దగ్గర "వ్యవసాయం" అని రాసిన. మాకు గుంట భూమి లేదు! 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా మోగినంక ఆ డప్పే మా జెండా అయింది. సిగ్గుపడ్డ చేతులతోనే చంకనేసుకున్నం. వెట్టిని, తిరుగుబాటును రెండింటినీ తీసేసి "చర్మవాద్యం" అని రాస్తే అది చరిత్ర కాదు, అలంకారం.

పక్క గోడకు చేర్యాల పటం ఉన్నది. రంగులు బాగున్నయని అందరు ఫోటోలు దిగుతున్నరు. నకాషోళ్లు ఈ పటాలు గోడల కోసం గీయలేదు. కథ చెప్పే కులాల కోసం గీసిండ్రు. డక్కలోళ్లు పటం విప్పి మాదిగలకు జాంబపురాణం చెప్తరు. పాట లేని పటం నోరు కట్టేసిన మనిషి లెక్క. చెప్పేటోళ్లు ఏరి? పిలిచిండ్రా?

ఇక్కడ మనం గూడ లెక్క చెప్పాలె. మన పుట్టుక కథ మనకు చెప్పే డక్కలోళ్లను మన గడప దాటి రానిచ్చినమా? వాడ చివర చెట్టు కింద ఉంచినం. మ్యూజియం వాళ్లను నిలదీసే నోరు మనకు రావాలంటే ముందు ఆ గడప కడగాలె.

"మీ కళాకారులకు పద్మశ్రీలే ఇస్తున్నం గదా" అంటరు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన బతుకుదెరువుకు కూలి పని చేస్తున్నడని పత్రికలు రాసినయి. బిరుదు గోడకు, మనిషి కూలికి! ప్రదర్శనైనా, బిరుదైనా వరుస ఒక్కటే.

పని చేసేటోళ్లు లేరని కాదు. జయధీర్ తిరుమలరావు, గూడూరు మనోజ ఊరూరు తిరిగి జానపద, ఆదివాసీ వాద్యాలు, పటాలు పోగుచేసి "ఆద్యకళ" పేరుతోని చూపించిండ్రు. ఇద్దరు మనుషులు ఇంత చేస్తే, జీతాలు, భవనాలు, బడ్జెట్లు ఉన్న ప్రభుత్వానికి ఒక గది దొరకదా?

మేము అడిగేది దయ కాదు. ప్రతి చీటీ మీద చేసిన మనిషి పేరు, ఊరు ఉండాలె. కథ, పాట, వెట్టి, పోరాటం అన్నీ తెలుగుల రాయాలె, ఆ చీటీ రాసేముందు వాయించేటోళ్లను అడగాలె. కళాకారులను ప్రారంభోత్సవం నాడు ఊరేగింపుకు కాదు, ప్రదర్శన ఉన్నన్ని దినాలు కూలి కట్టిచ్చి గౌరవంగ పిలవాలె. కూలికి పోయే మనిషి చూడాలంటే పొద్దుమీకినంక గూడ తలుపు తెరిచి ఉండాలె. అన్నిటికన్న ముందు, శాశ్వత గదులల్ల మనకు శాశ్వతమైన చోటు కావాలె.

అన్నలారా, అక్కలారా! వాళ్లు ఇచ్చేదాక కూసోవద్దు. మీ వాడల డప్పు చేసేటోళ్లు, పటం చెప్పేటోళ్లు, కిన్నెర వాయించేటోళ్లు ఎవరున్నరో పేర్లు రాయుండ్రి. ముసలోళ్లు పోకముందే వాళ్ల మాట రికార్డు చేయుండ్రి. ఈసారి ప్రదర్శన పెడితే ఆ పేర్ల పట్టీ పట్టుకొని, డప్పులు చంకనేసుకొని పోదాం.

మా పిల్ల మాత్రం ఆగలేదు. మర్నాడు బడికి తాత డప్పు తెచ్చి బల్ల మీద పెట్టింది. పక్కన నోటుపుస్తకం కాగితం. దాని మీద మొదటి వరుసల తాత పేరు, రెండో వరుసల ఊరి పేరు. మూడో వరుసల ఇట్లున్నది: "ముట్టుకోవచ్చు."

జై భీమ్!