ఎగువ సభ ఉండాలా, పోవాలా?

ప్రజలు నేరుగా ఎన్నుకోని శాసన మండలి మనకెందుకన్న ప్రశ్న పాతదే. మనవారు స్థిరపడిన రాష్ట్రాలలో దాని చరిత్ర చూడండి. తమిళనాడులో 1986లో మండలి రద్దయింది. తిరిగి పెట్టడానికి 2010లో పార్లమెంటు చట్టం చేసింది. మరుసటి ఏడు ప్రభుత్వం మారడంతో ఆ సభ ఏర్పడనే లేదు. ఒడిశాలో కావాలని 2018లో శాసనసభ తీర్మానించింది. సభ మాత్రం రాలేదు. ఆంధ్రలో 1958లో వచ్చి, 1985లో పోయి, 2007లో మళ్ళీ వచ్చింది. 2020లో రద్దు కోరుతూ తీర్మానం చేశారు, 2021లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. అధికారం చేతులు మారినప్పుడల్లా ఒక సభకు తలుపులు మూయడం, తెరవడం మాకు సమంజసంగా తోచదు.

మండలికి బలం తక్కువన్న మాట నిజమే. సాధారణ బిల్లును మొదట మూడు నెలలు, శాసనసభ మళ్ళీ పంపితే ఇంకొక నెల ఆపగలదు. ద్రవ్య బిల్లునైతే 14 రోజులే. ఎన్నికలలో ఓడినవారికి అది ఆశ్రయమైపోయిందన్న విమర్శనూ మేము కాదనము. సాహిత్యం, శాస్త్రం, కళలు, సహకారోద్యమం, సమాజసేవ తెలిసినవారిని గవర్నరు నియమించాలని రాజ్యాంగం చెబుతుంది. మంత్రివర్గం సలహాపై జరిగే ఆ నియామకాలు పార్టీవారికి దక్కితే సభ ఉద్దేశమే చెడుతుంది. కావలసినది రద్దు కాదు, ఈ లోపాన్ని దిద్దడమని మా అభిప్రాయం.

అయితే దిద్దుబాటులో మన వంతు కూడా ఉన్నది. కర్ణాటకలో 75 మంది, మహారాష్ట్రలో 78 మంది సభ్యులతో మండళ్ళు నడుస్తున్నాయి. వాటిలో రమారమి పన్నెండవ వంతు స్థానాలు పట్టభద్రులవి, మరొక పన్నెండవ వంతు ఉపాధ్యాయులవి. బళ్ళారి, రాయచూరు వారికి ఈశాన్య పట్టభద్రుల నియోజకవర్గమున్నది. షోలాపూరు వారు పుణె పట్టభద్రుల నియోజకవర్గంలోకి వస్తారు. డిగ్రీ వచ్చి మూడేళ్ళు నిండి, ఆ ప్రాంతంలో నివసించేవారు ఓటుకు అర్హులు. మాతృభాష ఏదని ఎవరూ అడగరు. కాని ఈ జాబితాను ప్రతి ఎన్నికకూ కొత్తగా తయారు చేస్తారు. శాసనసభ జాబితాలో పేరున్నంత మాత్రాన చాలదు. వెనుకటిసారి ఓటు వేసినవారు కూడా మళ్ళీ 18వ నంబరు ఫారం నింపి ఇవ్వాలి. ఉపాధ్యాయులకు 19వ నంబరు ఫారం.

మన ఇళ్ళలో చదువుకున్న కొడుకులు, కూతుళ్ళు, కోడళ్ళు ఎందరో ఉన్నారు. వారిలో ఎందరి పేర్లు ఆ జాబితాకు ఎక్కాయి? ఈసారి ప్రకటన రాగానే ఇంటిల్లిపాదీ దరఖాస్తు చేయవలసిందని కోరుతున్నాము. మండలి లేని తమిళనాడు, ఒడిశా సోదర సోదరీమణులు అది కావాలో వద్దో తమ అభిప్రాయం వ్రాసి పంపితే సంతోషిస్తాము.