విస్తరి ముందటి ఋణము

భోజనమునకు కూర్చున్న గృహస్థు విస్తరి చుట్టును నీరు త్రిప్పి పరిషేచనము చేయును. ఆపోశనము పట్టి, ప్రాణాపానాది పంచవాయువులకు ఐదు ఆహుతులు సమర్పించి, పిమ్మటనే పప్పు కలుపుకొనును. ఈ పరిషేచనమున పగటికి ఒక మంత్రము, రాత్రికి ఒక మంత్రము కలవు గాని, వంటకమును బట్టి మంత్రభేదము లేదు. విస్తరిలో పూర్ణములు, పులిహోర, పరమాన్నము ఉన్న పర్వదినమునకును, మజ్జిగ కలిపిన మెతుకులు మాత్రమే ఉన్న దినమునకును అదే నీరు, అదే మంత్రము.

మన కృతజ్ఞత మాత్రము వంటకమును బట్టి మారుచున్నది. పెండ్లి విందు ముగియగానే "అన్నదాతా సుఖీభవ" అని బిగ్గరగా పలికినవాడే మరునాడు ఇంట దోసకాయ పప్పు చూచి "మరల ఇదియేనా?" అని అడుగును. వండిన ఇల్లాలి ముఖము అప్పుడెట్లుండునో ఆయన చూడడు.

ఈ విషయమున తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి మిక్కిలి స్పష్టముగా నున్నది. వరుణుని కుమారుడైన భృగువు తపస్సు చేసి మొదట అన్నమే బ్రహ్మమని తెలిసికొనెను. తరువాత ప్రాణము, మనస్సు, విజ్ఞానము అను మెట్లు దాటి ఆనందమును చేరెను. సాధకులలో పెక్కురు ఇక్కడితో విషయము ముగిసినదని తలచి పుస్తకము మూయుదురు. ఉపనిషత్తు అక్కడ ముగియలేదు. ఆనందమును చెప్పిన వెంటనే అది మరల అన్నము వద్దకు వచ్చినది. అన్నమును నిందింపకుండుట, త్రోసివేయకుండుట, సమృద్ధముగా చేయుట, ఇంటికి వచ్చినవానిని కాదనకుండుట అను వ్రతములను విధించినది. చివరి మెట్టు ఎక్కినవానికి మొదటి మెట్టునందలి మెతుకుపై చులకన తగదనియే గదా దీని తాత్పర్యము! "మేము అన్నమయకోశమును దాటినవారము" అని కంచములో సగము విడిచి లేచు వేదాంతులు ఈ భాగమును మరియొకమారు చదువుట మేలు.

గోదావరీ మండలమున ఈ వ్రతములకు ఆధారమైన ఆహారము అతి సామాన్యమైనది. పాత ఇండ్లలో తరవాణి కుండ ఉండెడిది. మిగిలిన అన్నమును అందలి పులిసిన గంజినీటిలో వేసి, ప్రొద్దున ఉప్పు కలిపి మాగాయ టెంకతో తినెడివారు. కందయు బచ్చలియు కలిపి ఆవ పెట్టిన కూర, పనసపొట్టు కూర, గెల కోసిన పిమ్మట పడగొట్టిన అరటిబోదె లోపలి దూటతో చేసిన కూర, ఇవన్నియు పెరటిలోనివే. దూట వరకు వండుకొన్నవారు పిసినారులు కారు. గెల ఇచ్చిన చెట్టును వ్యర్థపరచుటకు వారికి మనసొప్పలేదు. అన్నవరమున రత్నగిరిపై సత్యనారాయణస్వామి వారి ప్రసాదము కూడ గోధుమనూకతో చేయునదే. ఆ ఆకుపొట్లమును భక్తులు కన్నులకద్దుకొందురు. ఆ నూకయే ఇంట ఉప్మాగా వచ్చినచో మొగము చిట్లింతురు.

ఇటీవల చద్దన్నమునకు మరల గౌరవము కలిగినది. ప్రోబయోటిక్ అను పేరుతో హోటళ్లలో ఇత్తడి గిన్నెలలో అమ్ముచున్నారు. సంతోషమే. అయినను, కడుపునకు లాభమని తెలిసిన పిమ్మట పుట్టిన ఆదరము బేరము వంటిది. 'కృతజ్ఞుడు' అనగా చేయబడినదానిని ఎరిగినవాడు. ఈ మెతుకు వెనుక ఎవరు ఏమి చేసిరో ఎరుగనివానికి ఆ పదము చెల్లదు.

మరి ఎవరు ఏమి చేసిరి? ఈ మండలము ఎల్లకాలము అన్నపూర్ణగా లేదు. 1833 ప్రాంతమున వచ్చిన కరవు గోదావరి తీరమును కూడ కుదిపివేసినది. నది ప్రక్కనే పారుచుండగా జనులు ఆకలితో అలమటించిరి. ధవళేశ్వరము వద్ద ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో ఆరంభమైన ఆనకట్ట 1852లో పూర్తియైనది. కాలువలు ప్రాకిన తరువాతనే ఈ పొలములు నిలుకడగా పండినవి. ఇక్కడి పండితులు ఆయనను భగీరథునితో పోల్చి శ్లోకము కట్టి, గోదావరీ స్నానసమయమున స్మరించు ఆచారము ఏర్పడినది. ఆయన ఆంగ్లేయుడు, అన్యమతస్థుడు. శ్రోత్రియులు ఆ భేదమును ఎంచక, నీరు తెచ్చినవానిని నీటిలో నిలిచి తలచుకొనిరి. చేసినదానిని ఎరుగుట ఇట్లుండును.

ఆ నీటితో పండించువాని యెడల మాత్రము ఎరుక తగ్గినది. 2011 సార్వా కాలమున కోనసీమ రైతులు పంటవిరామము ప్రకటించి చేలను నాటక విడిచిరి. పెట్టుబడి తిరిగి రాకుండుట, మురుగునీరు పోవు దారి లేక చేలు మునుగుట వారు చెప్పిన కారణములలో ముఖ్యమైనవి. భృగువల్లి చెప్పిన అన్నసమృద్ధి వ్రతమును ఆ ఏడు రైతు విడువవలసి వచ్చినది. తినువారు తమ వ్రతమును అంతకు ముందే విడిచిరి గనుక ఆ దోషమును రైతుపై మోపుట న్యాయము కాదు. ధాన్యమునకు గిట్టుబాటు ధర కోరినప్పుడు బియ్యము ప్రియమగునని విసుగుకొని, విస్తరి ముందు కన్నులు మూసి అన్నపూర్ణను స్తుతించుటలో పొసగని సంగతి ఏదో ఉన్నది.

ఇచ్చట ఒక జాగ్రత్త అవసరము. ఉన్నదానితో తృప్తి పొందుమను బోధ గంజి తప్ప వేరు గతి లేని కౌలురైతుకు, కూలికి చేయదగినది కాదు. కృతజ్ఞత తినువాని ధర్మము. పెట్టువాడు అడిగి పుచ్చుకొను కప్పము కాదు. అన్నదానశాలలలో పంక్తి కూర్చున్నంతసేపు దాతల పేర్లు మైకులో చదువుట, చదివినదానినే మరల చదువుట, ఆకలిగొన్నవానిచేత బలవంతముగా వందనము చేయించుకొనుటయే.

లంకల గన్నవరమున డొక్కా సీతమ్మ గారు (1841–1909) ఇట్టి వందనము నెన్నడును కోరలేదు. వైనతేయ తీరమున ఆ ఇంటికి ఏ వేళ ఎవరు వచ్చినను అన్నము దొరకెడిది. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక సందర్భమున ఆహ్వానము వచ్చినను ఆమె కదలలేదని ప్రసిద్ధి. ఆమె ఒకమారు అంతర్వేది నరసింహస్వామి దర్శనమునకు బయలుదేరి, దారిలో ఒక పెండ్లివారి బృందము "కొంచెము ఓర్చుకొనిన సీతమ్మ గారి ఇంటికి చేరుదుము, కడుపు నిండును" అని ఆకలిగొన్న పిల్లలను ఊరడించుట విని, దర్శనము మాని పల్లకిని వెనుకకు త్రిప్పించి, వారికంటె ముందుగా ఇల్లు చేరి వంట చేయించినదని కోనసీమలో నేటికిని చెప్పుకొందురు. దర్శనమునకు వచ్చిన భక్తులు క్యూలలో నిలిచి విసుగుకొను దినములలో ఈ కథ అర్చకులకును భక్తులకును గూడ అవసరమైనది.

కార్తికము వచ్చుచున్నది. ఉసిరిచెట్టు నీడను వనసమారాధనలు జరుగును. ఇటీవల అవి వంటకముల పోటీలైనవి. విస్తరిలో చోటు చాలక ఒకదానిపై ఒకటి వడ్డింతురు. సగము ఎంగిలితో ఆకులు మడతపడును. ఈ ఏడు ఏ ఒక్క సమాజమైనను పప్పు, కందా బచ్చలి, ఒక పచ్చడి, పులుసు, పెరుగుతో సమారాధన చేసి చూడవచ్చును. మొదటి వడ్డన కొద్దిగా, అడిగినవారికి మారు. పొయ్యి వద్ద నిలిచిన వంటవారును, విస్తళ్లు ఎత్తుటకు వచ్చిన స్త్రీలును సాధారణముగా అందరు లేచిన పిమ్మట, కూరలు చల్లారిన పిమ్మట ఏదో ఒక మూల కూర్చుండి తినుచుందురు. వారిని మొదటి పంక్తిలో కూర్చుండబెట్టి, సంకల్పము చేసిన యజమాని తన చేతితో వడ్డించినచో పురోహితులెవరును అభ్యంతరము చెప్పరు.