తొలి పచ్చికపై తొందర.. ఏడాదంతా మేతకు కొరత

అనంతపురం: మృగశిర కార్తెలో నాలుగు చినుకులు పడగానే అనంతపురం జిల్లాలోని బీళ్లు, గుట్టల వాలులు పచ్చబడతాయి. వేసవి అంతా వేరుశనగ కట్టె, వరిగడ్డితో నెట్టుకొచ్చిన పాడి రైతులు, గొర్రెల కాపరులు ఆ పచ్చదనం కోసమే ఎదురుచూస్తుంటారు. వారం తిరగకుండానే మందలు బీళ్లకు చేరతాయి. బెట్ట పరిస్థితులు తలెత్తేసరికి అదే నేల మళ్లీ బోడిగా మారుతుంది. ఇందుకు వానను మాత్రమే నిందించి ప్రయోజనం లేదు. మేసిన గడ్డి తిరిగి ఎలా కోలుకుంటుందన్న విషయాన్ని విస్మరించడమూ కొరతకు కారణమవుతోంది.

మొదళ్లలోనే జీవం

ఉమ్మడి జిల్లా సాధారణ వర్షపాతం ఏడాదికి సుమారు 550 మి.మీ. మాత్రమే. అందులో సగానికి పైగా నైరుతి రుతుపవన కాలంలోనే కురవాలి. ఉష్ణమండలపు బహువార్షిక గడ్డి జాతులు ఈ లయకు అలవాటుపడినవే. వేసవిలో పైభాగం ఎండినా మొదళ్లలో, వేర్లలో దాచుకున్న ఆహారంతో దుబ్బు బతికి ఉంటుంది. తొలి వానకు వచ్చే చిగురు ఆ నిల్వ నుంచే పుడుతుంది. ఆకులు విచ్చుకుని సొంతంగా ఆహారం తయారుచేసుకునే వరకు నిల్వ తరుగుతూనే ఉంటుంది. ఆ దశలోనే పదేపదే మేపితే వేర్లు కుంగి దుబ్బు చనిపోతుంది. ఖాళీ అయిన చోట పశువులు ముట్టని వయ్యారిభామ వంటి కలుపు విస్తరిస్తుంది. మరీ ఆలస్యం చేసినా నష్టమే. పూత దశ దాటితే కాడ ముదిరి మాంసకృత్తులు తగ్గిపోతాయి.

నీరున్నచోట నేపియర్

బోరు వసతి ఉన్న రైతులు సజ్జ, ఏనుగు గడ్డిల సంకరమైన హైబ్రిడ్ నేపియర్ సాగు చేస్తున్నారు. నాటిన 70 నుంచి 80 రోజులకు తొలి కోత, ఆపై సుమారు 45 రోజులకో కోత వస్తుంది. నీరు, ఎరువు సక్రమంగా అందితే ఎకరాకు ఏడాదికి 100 టన్నులకు పైగా దిగుబడి సాధ్యమే. ఈ లెక్కన 10 సెంట్ల మడి ఒక పశువుకు రోజూ 25 కిలోల పచ్చిమేత ఇవ్వగలదు. అయితే చలికాలంలో ఎదుగుదల మందగిస్తుంది కనుక డిసెంబరు, జనవరిలో కోతల మధ్య వ్యవధి పెంచక తప్పదు. నేలకు జానెడు లోపు మొదలు వదిలి కోయాలి. మడిని భాగాలు చేసి వంతులవారీగా కోస్తే మేత నిరంతరం అందుతుంది.

జొన్న పిలకలతో ముప్పు

తిరిగి చిగురించిన ప్రతి మేతా క్షేమకరం కాదు. జొన్న కోసిన మోళ్ల నుంచి వచ్చే లేత పిలకల్లో, బెట్టకు గిడసబారిన పైరులో సైనైడ్ విషం అధికంగా ఉంటుంది. పల్లెల్లో నాముగా పిలిచే ఈ విషం సోకిన పశువు ఊపిరాడక కొద్దిసేపట్లోనే కూలిపోతుంది. సకాలంలో పశువైద్యుడు ఇంజెక్షన్ ఇస్తేనే బతికే అవకాశం ఉంటుంది. పూత దశకు చేరాకే జొన్న మేపడం సురక్షితం.

ఊరంతా కలిస్తేనే..

సొంత మడిలో కోత వేళను రైతు నిర్ణయించుకోగలడు. ఉమ్మడి బీడు విషయం వేరు. ఒక కాపరి మూడు వారాలు ఆగితే మరొకరి మంద ఆ పచ్చికను మేసి వెళుతుంది. అందువల్ల ఎవరూ ఆగరు. గొర్రెల సంఖ్య అధికంగా ఉన్న ఈ జిల్లాలో అసలు చిక్కు ఇదే. బీడును మూడు నాలుగు భాగాలు చేసి, వంతులవారీగా విరామమివ్వాలని గ్రామస్థులంతా ఒక మాటపై నిలిస్తేనే గడ్డి నిలదొక్కుకుంటుంది. మెట్ట భూముల్లో అంజన్ గడ్డితోపాటు స్టైలో వంటి పప్పుజాతి మేతను చల్లుకోవచ్చు. వానాకాలం చివర మిగిలే పచ్చిగడ్డిని పూతకు ముందే కోసి ఆరబెట్టి దాచుకోవచ్చు.

కరవు ముదిరాక ఏర్పాటయ్యే పశుగ్రాస శిబిరాలు ప్రాణాలు నిలపగలవే గానీ బీళ్లను తిరిగి మొలిపించలేవు. మేత చాలక సంతలో అయినకాడికి పశువులను అమ్ముకునే దుస్థితి తప్పాలంటే, జూన్‌లో మొలిచే తొలి చిగురును కాపాడుకోవడంపై గ్రామసభల్లో ముందే చర్చ జరగాల్సి ఉంది.